పేర్ల గడి

జూన్ 4

అత్తా,

నీ పంతులమ్మకి, అంటే నాకు, ఉద్యోగం వచ్చిందని ఫోన్‌లో చెప్పేశాను. ఇక వివరాలు కాగితం మీద. "ఫోన్‌లో అయితే అన్నిటికీ 'సరే అత్తా' అంటావు, కాగితం మీదైతే మనసులో ఉన్నది రాస్తావు" అన్నావు కదా నేను బస్సెక్కేటప్పుడు. అందుకే రాస్తున్నాను.

జిల్లా కార్యాలయంలో రెండో అంతస్తు మాది. గదిలో నాలుగు బల్లలు, ఆరు బీరువాలు, ఒక కిటికీ. కిటికీకి అడ్డంగా ఫైళ్లు పేర్చేశారు. పైన జానెడు మేర మాత్రం వెలుతురు దిగుతుంది. అది సరిగ్గా నా బల్ల మీదే పడుతుంది. కళ్లకి కొడుతుందని ఎవరూ కూర్చోని చోటట, కొత్తగా వచ్చినవాళ్లకి తోసేస్తారట. నాకు మాత్రం మందిరంలో మన బెంచీ గుర్తొచ్చింది. పక్క బల్లాయన్ని అందరూ రబ్బరుస్టాంపు గారు అంటారు. ఇరవై రెండేళ్లలో ఒక్క కాగితం కూడా చదవకుండానే ముద్ర వేశానని ఆయనే గొప్పగా చెప్పుకుంటాడు. "చదివితే అనుమానాలొస్తాయమ్మాయ్, అనుమానాలొస్తే అరగదు" అంటాడు.

ఇంటర్వ్యూ సంగతి చెప్పాలి. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో సూపరింటెండెంటు గారు. "మీరు క్రైస్తవులు కదా, ప్రభుత్వం ఒకటి చెప్పి మీ దేవుడు ఇంకొకటి చెబితే ఏం చేస్తారు?" అని అడిగారు. నేను తడుముకోలేదు. బైబిల్లో రోమా పత్రిక పదమూడో అధ్యాయం అందుకున్నాను. పైనున్న అధికారాలకి లోబడమని పౌలు రాశాడని, అధికారాన్ని నియమించింది దేవుడేనని, పన్ను ఇవ్వాల్సిన చోట పన్ను, మర్యాద ఇవ్వాల్సిన చోట మర్యాద ఇవ్వాలని, ఇదంతా మా అత్త నాకు ఎనిమిదో ఏటే కంఠతా పట్టించిందని చెప్పాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీ అత్తగారిని కూడా పంపించండి, ఇంకో ఖాళీ ఉంది" అన్నాడు చివరాయన.

ఆరు నెలలు పరీక్షా కాలం. ఆ తర్వాత నా పని మీద రిపోర్టు రాస్తారు. అది బాగుంటేనే ఉద్యోగం ఖాయం. సరిగ్గా జవాబు చెప్పానా అత్తా? నువ్వు బాగుందంటే అప్పుడు నిజంగా సంతోషిస్తాను.

నీ
పంతులమ్మ


జూన్ 11

పంతులమ్మా,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. నీ ఉత్తరం మొదట నేను చదువుకున్నాను, తర్వాత కుట్టు షెడ్డులో అందరికీ చదివాను, ఆదివారం పాస్టరు గారు అడిగారని మందిరంలో కూడా చదివాను. "మా అన్న కూతురు జిల్లా కార్యాలయంలో" అని చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గర్వపడకూడదని తెలుసు. పడ్డాను. క్షమాపణ అడుక్కున్నాను. మళ్లీ పడ్డాను.

ఇక్కడ పని నిండా ఉంది. అగ్నిమాపక శాఖ వాళ్లకి నూట అరవై చొక్కాలు కుట్టాలి. జేబు మీద మూత, మూతకి రెండు గుండీలు. ఒక్క గుండీ ఉంటే వంగినప్పుడు విజిల్ జారి పడిపోతుందట. ఎంత ఆలోచిస్తారో చూడు. ప్రభుత్వం బట్టలు కుడుతూ ఉంటే ప్రభుత్వం మీద కోపం తెచ్చుకోవడం కష్టమే.

నీ జవాబు సగం బాగుంది. మిగతా సగం ఎవరైనా అడిగిన రోజున చెబుదువుగాని, తొందరేం లేదు. వేళకి తిను. ఆ వెలుతురు కళ్లకి కొడితే బల్ల కాస్త తిప్పుకో.

నీ అత్త


జూన్ 16

అత్తా,

సగమా? నాలుగు రోజుల నుంచి ఆ మాట నా పళ్ల మధ్య ఇరుక్కుంది. నువ్వు నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పాను. ఒక్క అక్షరం వదల్లేదు. నీకు ఎప్పుడూ అంతే, తొంభై ఎనిమిది మార్కులు తెస్తే ఆ రెండూ ఎక్కడికెళ్లాయని అడిగేదానివి.

సరే, మిగతా సగం చేతలతో చూపిస్తాను. సూపరింటెండెంటు గారు నాకు మొదటి సొంత పని ఇచ్చారు. ఏమిటో చెప్పను. మూడు రోజులు కూర్చుని ప్రతి వాక్యం తిరగరాశాను. ఒక మాట తీసేసి ఇంకో మాట పెడితే వాక్యం నడుం నిటారుగా నిలబడుతుంది చూడు, ఆ సంతోషం నీకు చెప్పినా అర్థం కాదు. కాదులే, అర్థమవుతుంది. కాలరు సరిగ్గా కుదిరినప్పుడు నువ్వు పడే సంతోషమే అది.

పది రోజుల్లో అది జిల్లా అంతా తిరుగుతుంది. మీ వీధికి కూడా వస్తుంది. చూడగానే మా పిల్ల చేతి పనేనని నువ్వే కనిపెట్టాలి. కనిపెట్టకపోతే మాత్రం నీతో మాట్లాడను.

నీ
తొంభై ఎనిమిది మార్కుల మేనకోడలు


జూలై 2

బంగారూ,

కనిపెట్టేశాను! మన వీధి చివర నీళ్ల వేళల బోర్డు మార్చారు. "వేళ మారినందుకు మన్నించండి, సాయంత్రం ఐదుకి నీళ్లు వస్తాయి" అని ఎంత ముద్దుగా ఉందో. ప్రభుత్వం మన్నించమని అడగడం నా యాభై నాలుగేళ్లలో ఇదే చూడటం. బిందెలు పట్టుకొచ్చిన వాళ్లందరినీ ఆపి, ఇది మా అమ్మాయి రాసిందని చెప్పాను. ఒకావిడైతే చెయ్యి కడుక్కుని మరీ ఆ బోర్డు తడిమింది. శభాష్.

ఇప్పుడు వేరే సంగతి. మీ కార్యాలయం నుంచే ఇంకో కాగితం వచ్చింది, మందిరానికి. అది చూశాక నాకు ఒళ్లు మండింది. ప్రార్థన మందిరాలు, సంఘాలు, క్లబ్బులు అన్నీ తమ దగ్గరికి వచ్చే ప్రతి మనిషి పేరు, ఇల్లు, పనిచేసే చోటు, ఎవరితో కలిసి వస్తారు, ఎప్పటి నుంచి వస్తున్నారు, ఐదు గడుల్లో నింపి తక్షణమే పంపాలట. పంపిన జాబితా ఊరి ఆఫీసు బోర్డు మీద అందరికీ కనిపించేలా అంటిస్తారట. "తక్షణమే" అన్న మాట మూడు చోట్ల ఉంది, ఆ మాటంటే అంత మోజేమిటో! ఎవరు రాశారో గానీ, ఇంట్లో చెప్పే పెద్దవాళ్లు లేనివాడై ఉంటాడు. విచిత్రమేమిటంటే ఆ ఐదు గడులూ అచ్చం మన సంఘం పేర్ల పుస్తకంలోవే. అదే వరస. ఎక్కడ చూశారో ఏమో.

నేను ఇవ్వను. పాస్టరు గారికి చెప్పేశాను, పుస్తకం నా దగ్గరుంటుంది కాబట్టి జవాబు కూడా నేనే రాస్తానని.

నువ్వు ఇలాంటి పిచ్చి కాగితాల జోలికి పోకుండా బోర్డులు రాసుకో తల్లీ.

నీ అత్త


జూలై 6

గౌరవనీయులైన అత్తగారికి,

ఇంట్లో చెప్పే పెద్దవాళ్లు లేనిది నేనే.

నీళ్ల బోర్డు ఎవరు రాశారో నాకు తెలియదు. ఆ పిచ్చి కాగితం రాసింది నేను. అన్నీ తెలిసే మీరు వెటకారం చేశారని రెండు రోజులు ఏడ్చాను. తర్వాత నిజంగానే తెలియదేమోనని అనిపించి ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

అది ఎందుకు రాశామో మీరు అడగలేదు. వసంతంలో ఒక క్లబ్బులో నిప్పంటుకుంది. రెండొందల మంది పట్టే హాలు, ఐదొందల మంది ఉన్నారు, ఒకటే తలుపు. పద్నాలుగు మంది బయటికి రాలేదు. ఏ హాలుకి ఎంతమంది వస్తారో రాయించమని సూపరింటెండెంటు గారు నాకు చెప్పారు. ఉత్త అంకె అడిగితే నోటికొచ్చిన అంకె వేసేస్తారని, పేర్లుంటే అబద్ధం నిలవదని, బోర్డు మీద పెడితే ఊరే సరిచూస్తుందని నేనే ఆ గడులు చేర్చాను. అవి మన పుస్తకంలోవే. ప్రతి ఆదివారం స్కేలు పెట్టి గీతలు గీసిన చెయ్యి ఇదే కదా. మీ పుస్తకానికి జిల్లా అంతటా గౌరవం తెచ్చాననుకున్నాను. "ఇంత పక్కా పట్టిక ఈ ఆఫీసులో ఎవరూ తయారు చేయలేదు" అని సూపరింటెండెంటు గారు సంతకం పెట్టారు. రబ్బరుస్టాంపు గారు ముద్ర కొట్టేశారు.

జాబితా రాకపోతే పదిహేను రోజులకి హాలుకి సీలు వేస్తారు. నా రిపోర్టులో మొదటి పని ఇదే. మొదటి ఎదురుతిరుగుడు మా సొంత అత్తదే అని తెలిస్తే ఈ ఉద్యోగం నాకు ఉంటుందా? లోబడమని నాకు నేర్పింది మీరు. పాఠం చెప్పినవాళ్లకి ఆ పాఠం వర్తించదా?

ఇట్లు,
జూనియర్ గుమాస్తా


జూలై 13

పంతులమ్మా,

ముందు నన్ను మన్నించు. నా పొగడ్తలన్నీ ఎవరో నీళ్ల బోర్డు రాసినవాడికి ధారపోశాను, తిట్లు మాత్రం నీకు చేరాయి. రెండూ తారుమారయ్యాయి. నువ్వు నన్ను "మీరు" అన్న మొదటి ఉత్తరం ఇది. రెండోది రాయకు, తట్టుకోలేను.

పద్నాలుగు మంది సంగతి నాకు తెలియదు. అది చదివి కాసేపు మిషను ఆపి కూర్చున్నాను. నువ్వు మంచికే రాశావు. అధికారులు మంచి చేయడానికే దేవుని సేవకులని పౌలు అన్నది ఇలాంటి పని గురించే. కాబట్టి అంకె ఇస్తాను: ఆదివారం నూట ముప్పై మంది వస్తాం. హాలు కొలుచుకోవచ్చు, ఏ రోజైనా రావచ్చు. రెండో తలుపు కోసం వడ్రంగికి అప్పుడే కబురు పెట్టాను. ఇదంతా మీ కార్యాలయానికి రాసిన జవాబులో పెట్టాను. చివర నా పేరు, నా ఇల్లు, నేను పనిచేసే చోటు, ఎప్పటి నుంచి మందిరానికి వస్తున్నానో అన్నీ రాశాను. నీ గడులన్నీ నా వరకు నింపాను. మిగతా వాళ్లవి ఇవ్వను.

ఎందుకో చెబుతాను. ఆ పుస్తకం దేనికో నీకు గీతలు గీయించానే గానీ చెప్పలేదు, అది నా తప్పు. ఇల్లు ఎక్కడో రాసుకునేది, రెండు వారాలు కనపడకపోతే వెళ్లి తలుపు తట్టడానికి. పనిచేసే చోటు రాసుకునేది, ఆ పని పోతే ఇంకో పని వెతికిపెట్టడానికి. రెండేళ్ల కిందట ఒకావిడ వచ్చింది. వెనక బెంచీలో, గుమ్మానికి దగ్గరగా కూర్చుంటుంది. పుస్తకం తెరిస్తే లేచి వెళ్లిపోబోయింది. పేరు గడి ఖాళీగా వదిలేశాను. ఇల్లు అన్న గడిలో "ఉంది" అని మాత్రం రాశాను. ఆవిడ చెయ్యి విరిచిన మొగుడు ఇప్పటికి నాలుగు ఊళ్లు వెతికాడు. ఆవిడ పేరు మా ఊరి ఆఫీసు బోర్డు మీద అంటిస్తే, నీ పక్కా పట్టిక అతనికి దారి చూపిస్తుంది.

నువ్వు అడిగావు కదా, పాఠం చెప్పినవాళ్లకి వర్తించదా అని. వర్తిస్తుంది. లోబడమని రాసిన పౌలే తర్వాత సంకెళ్లతో కూర్చుని ఉత్తరాలు రాశాడు. రెండూ ఒకే మనిషి మాటలు. మనుషుల కంటే దేవుడి మాటే వినాలని అధికారుల మొహం మీదే చెప్పిన పేతురు, దెబ్బలు పడితే పడ్డాడు గానీ చెయ్యెత్తలేదు. రాజుని గౌరవించమని రాసిందీ ఆయనే. దానియేలు రాజు కొలువులో నీలాగే ఆఫీసు మనిషి. తప్పు పట్టాలని చూసినవాళ్లకి అతని లెక్కల్లో ఒక్క తప్పు దొరకలేదు. చేయకూడదని శాసనం వచ్చినా ప్రార్థన మానలేదు, కిటికీ మూయలేదు, సింహాల దగ్గరికి తీసుకెళ్తుంటే పారిపోలేదు.

ఇక్కడ కొందరు దొంగ పేర్లు నింపి పంపేద్దామన్నారు. "ఎవరు చూడొచ్చారక్కా, మీ ప్రభుత్వానికి కావాల్సింది కాగితమే కదా" అన్నారు. ఒప్పుకోలేదు. లోబడినట్టు నటించి అబద్ధం రాయడం ప్రభుత్వాన్ని వెర్రిదాన్ని చేయడం. ఇవ్వనని నిజం చెప్పి, పడిన శిక్షకి నిలబడటమే నేను దానికి ఇవ్వగలిగిన మర్యాద. సీలు వేస్తే వేయించుకుంటాను. ఇదే అమ్మాయ్ ఆ మిగతా సగం. ఇది పుస్తకంలో చూపించి కంఠతా పట్టించడం నాకు చేతకాలేదు.

నీ ఉద్యోగం గురించి ఆలోచించకుండా రాశాననుకోకు. మూడు రోజులు ఆలోచించే రాశాను.

నీ అత్త


జూలై 27

అత్తా,

సీలు వేయడానికి వెళ్లినాయన ఇచ్చిన రిపోర్టు టైపు చేయడానికి నా బల్ల మీదకే వచ్చింది. ఇలా ఉంది: "ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒక స్త్రీ లోపలికి వెళ్లి బెంచీలు సర్ది, కిటికీలు వేసి, తాళంచెవి తానే తెచ్చి ఇచ్చింది. తాళంచెవికి రసీదు అడిగింది." రసీదు దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు, కన్నీళ్లు కలిసి వచ్చేశాయి. రబ్బరుస్టాంపు గారు "ఏమైందమ్మాయ్" అంటే, "ఆవిడ మా అత్తండీ" అని గట్టిగా చెప్పాను. గదిలో అందరూ తలెత్తారు.

నీ ఉత్తరం వచ్చిన రోజే చెప్పాల్సింది. పది రోజులు నోరు రాలేదు. నేను గుమాస్తాని, చెప్పింది రాశాను, సంతకం వేరేవాళ్లది అని సర్దిచెప్పుకున్నాను. మళ్లీ రోమా పత్రిక తీసి, ఈసారి పదమూడు దగ్గర ఆగకుండా చివరిదాకా చదివాను. పౌలు చెబుతుంటే రాసిన గుమాస్తా తెర్తియు, పదహారో అధ్యాయంలో తన పేరు తనే పెట్టుకున్నాడు, ఇది రాసింది నేనేనని. గుమాస్తాకి కూడా పేరుంటుంది. నాకు చాలా సిగ్గేసింది.

ఆ రిపోర్టు పట్టుకుని సూపరింటెండెంటు గారి గదిలోకి వెళ్లాను.

"సార్, మీరు అంకె అడిగారు. పేర్లు నేను చేర్చాను. బోర్డు మీద పెట్టాలన్నదీ నా మాటే. దానివల్ల కొందరికి ప్రాణం మీదికి రావచ్చు."

ఆయన కళ్లద్దాలు తీశారు. "ఎవరికి?"

"చెప్పలేను సార్. చెబితే నేనూ అదే పని చేసినట్టు."

"సంతకం నాది. నేను చదవలేదని అంటావా?"

"నా మీద నమ్మకంతో పెట్టారంటాను సార్."

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, నా చేతిలో రిపోర్టు తీసుకుని చివరిదాకా చదివారు. తర్వాత, "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చెప్పావు కాబట్టి నీ రిపోర్టులో రాయక తప్పదు. ఆలోచించుకున్నావా?" అన్నారు. ఆలోచించుకున్నానన్నాను. ఇంటర్వ్యూలో ఆయన వేసిన ప్రశ్నకి అప్పుడు సగమే జవాబు చెప్పానని కూడా అన్నాను. అది కాస్త ఎక్కువైందేమో.

కొత్త కాగితం నేనే రాశాను. మూడే గడులు: ఎంతమంది, హాలు కొలత, తలుపులెన్ని. "సవరణ అని పెడితే చాలు, ఎవరు ఎందుకు అన్నది అక్కర్లేదు" అన్నారు ఆయన. అప్పటికే ముప్పై ఎనిమిది హాళ్ల వాళ్లు పేర్లు పంపేశారు అత్తా. వాళ్లకి ఆ కాగితాలు తిరిగి పంపాలంటే కారణం చెప్పాలి కదా అన్నాను. చివరికి ఒప్పుకున్నారు. అందుకే చివర మూడు చిన్న వాక్యాలున్నాయి, వాటి కింద నా పేరుంది. ఈసారి ఒక్క మాట కూడా అందంగా ఉండాలని చూసుకోలేదు. పదకొండు జాబితాలు అప్పటికే బోర్డుల మీదికెక్కాయి. ఈ ఊరి బోర్డు మీదివి నేనే వెళ్లి పిన్నులు పీకాను. మిగతా ఊళ్లకి ఫోన్లు చేసి, వాళ్లు తీసేశామని చెప్పేదాకా ఫోను పెట్టలేదు. రబ్బరుస్టాంపు గారు ఆ కొత్త కాగితం రెండుసార్లు చదివి ముద్ర వేశారు. ఆఫీసులో అదొక వార్త.

పరీక్షా కాలం ఇంకో ఆరు నెలలు పొడిగించారు. "అజాగ్రత్త" అని ఒక మాట నా ఫైల్లో ఉంది. అది నిజమే కాబట్టి కొట్టేయమని అడగలేదు. నాకు పెద్ద బాధగా కూడా లేదు. నిన్న మెట్లు దిగుతుంటే, ఆ బెంచీలు సర్దిన ఆవిడకి నేను మేనకోడల్ని అనుకున్నాను. గర్వపడ్డాను. క్షమాపణ ఇంకా అడగలేదు.

నీ
పంతులమ్మ


ఆగస్టు 9

నా పంతులమ్మా,

తలుపు తెరిచారు. సీలు వేసినాయనే వచ్చాడు, పక్కన అగ్నిమాపక శాఖ అధికారి. తాళంచెవి చూపించి నన్ను తాళం తీయమన్నారు. "వేసింది మీరు కదా, తీయడం కూడా మీరే తీయండి, అందరూ చూస్తారు" అన్నాను. పౌలుని చెరలో వేసిన వాళ్లు చాటుగా విడిచిపెడతామంటే, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు కదా, ఆ ధైర్యం కొంచెం అరువు తెచ్చుకున్నాను. పాపం ఆయన మంచివాడే, నవ్వి తీశాడు. నా రసీదు నేను తిరిగిచ్చేశాను.

రెండు ఆదివారాలు ఇళ్లల్లో ఐదారుగురు చొప్పున ప్రార్థన చేసుకున్నాం. ఇప్పుడు అందరూ ఒకేసారి లోపలికి వచ్చి ఎవరి బెంచీలో వాళ్లు కూర్చున్నారు. అగ్నిమాపక అధికారి టేపు పట్టి గోడలన్నీ కొలిచాడు. రెండో తలుపు బయటికి తెరుచుకునేలా మార్చమన్నాడు. వడ్రంగి లోపలికి పెట్టాడు, నేనూ చూసుకోలేదు. చూశావా, ఆ సంగతి మనకి తెలియదు, వాళ్లకి తెలుసు. బుధవారానికి మార్చేస్తాం.

తర్వాత ఆయన మీ కాగితం తీసి అందరికీ వినబడేలా చదివాడు. చివరి వాక్యాలు రెండుసార్లు చదివాడు: "పేర్లు అడగడం తప్పు. ఆ గడులు చేర్చింది నేను. వచ్చిన జాబితాలు తిరిగి పంపుతున్నాము." ఆ తర్వాత నీ పేరు. మా అన్న పెట్టిన పేరు, పూర్తిగా, నీ ఉద్యోగంతో సహా. బెంచీల్లో అందరూ నా వైపు తిరిగారు. పాస్టరు గారు నన్ను ప్రార్థన చేయమన్నారు. నిలబడ్డాను గానీ కొంగుతో కళ్లు తుడుచుకోవడమే సరిపోయింది. ఆయనే చేశారు, ఏలేవాళ్ల కోసం, అధికారుల కోసం, వాళ్ల కింద రాసేవాళ్ల కోసం. ఈసారి గర్వపడినందుకు నేను క్షమాపణ అడగదలుచుకోలేదు. దేవుడికి ఇష్టమైతే ఆయనే సర్దుకుంటాడు.

అందరూ వెళ్లాక వెనక బెంచీ ఆవిడ మిగిలింది. ఆ కాగితం ఇంకోసారి చదవమంది. చదివాను. "తప్పు మాది అని రాసుకునే ఆఫీసు ఉందా అక్కా?" అంది. ఉందన్నాను. "నా చెయ్యి సంగతి అక్కడ చెబితే రాసుకుంటారా?" అంది. రాసుకుంటారన్నాను. అది వాళ్ల పనేనని, నీ పదమూడో అధ్యాయంలో ఉన్నట్టు తప్పు చేసినవాడు భయపడటానికే దేవుడు వాళ్ల చేతికి కత్తి ఇచ్చాడని చెప్పాను.

మంగళవారం పొద్దుటి బస్సుకి ఆవిడ నీ దగ్గరికి బయలుదేరుతోంది. నేను తోడొస్తానంటే వద్దంది. ఫిర్యాదు ఏ గదిలో ఇవ్వాలో చూపించు, రాసేటప్పుడు పక్కన కూర్చో. పేరు ఇక్కడ రాయడం లేదు. నీకు తనే చెబుతుందట.

నీ అత్త